మస్సెల్స్‌లో విషం పట్టే ఫ్లోరసెంట్ స్ట్రిప్ రీడర్: కొనేముందు ఇది చదవండి

ఈ రీడర్ కొనొచ్చా అని అడిగితే కొనొచ్చనే చెప్తాను. అయితే లోడు ఆపాలా వద్దా అని తేల్చుకోవడానికి కొనండి, "రిపోర్ట్ వచ్చేసింది, బండి పంపించెయ్" అనడానికి మాత్రం కొనకండి. మిగతాదంతా ఈ ముక్కకి వివరణే, టైమ్ లేనివాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు.

నేను పనిచేసేది స్కాట్లాండ్ పడమటి తీరంలో, తాళ్ల మీద మస్సెల్స్ (ఆల్చిప్పల్లాంటి తినే గుల్లలు) పెంచి అమ్మే ఒక చిన్న కంపెనీలో, క్యూసీ, అంటే సరుకు నాణ్యత చూసే పని. అంతకుముందు భీమవరంలో రొయ్యల ప్లాంట్ ల్యాబ్‌లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అనే యాంటీబయాటిక్ మందుల జాడ పట్టే ఎలైసా కిట్ టెస్టులు చేసేవాణ్ణి, కాబట్టి కిట్ అనే వస్తువు నాకు కొత్త కాదు. అక్కడ మా భయమంతా చెరువులో రైతు వేసిన మందు గురించి. ఇక్కడ ఎవరూ ఏమీ వేయరు, సముద్రమే వేస్తుంది. డైనోఫైసిస్ అని కంటికి కనపడని నాచు జీవి ఒకటుంది. నీళ్లు వడకట్టుకుని తినే మస్సెల్ దాన్ని కూడా తినేస్తుంది, లోపల ఒకడాయిక్ యాసిడ్, దాని చుట్టాలు డీటీఎక్స్-1, డీటీఎక్స్-2 పోగుపడతాయి. మస్సెల్‌కి ఏమీ కాదు. వాసన మారదు, రుచి మారదు, ఉడకబెట్టినా పోదు, పైగా ఉడికి నీరు పోయాక గ్రాముకి లెక్కేస్తే ఇంకా ఎక్కువే ఉంటుంది. శుద్ధి ట్యాంకుల్లో పెడితే బ్యాక్టీరియా పోతుందేమో గానీ ఇది కదలదు. తిన్నవాళ్లకి కొన్ని గంటల్లో వాంతులు, విరేచనాలు. మనిషి ప్రాణం తీసే రకం కాదు, కంపెనీ ప్రాణం మాత్రం తీసేస్తుంది.

చట్టం గీసిన గీత కిలో మాంసానికి 160 మైక్రోగ్రాములు. ఒకప్పుడు దీన్ని ఎలుకల మీద చూసేవాళ్లు, సారం తీసి ఎలుక పొట్టలోకి ఎక్కించి అది చస్తుందా బతుకుతుందా అని గడియారం పట్టుకుని కూర్చునేవాళ్లు. యూరప్‌లో 2011 జులై నుంచి ఎల్‌సీ-ఎంఎస్ (సారంలోని రసాయనాలని విడదీసి, అణువు బరువుని బట్టి గుర్తుపట్టి కొలిచే పెద్ద ల్యాబ్ మెషిన్) అసలు పద్ధతి అయింది, 2014 చివరితో ఈ రకం విషాలకి ఎలుకల పని అయిపోయింది. ఇప్పుడు అధికారులు నీళ్లలో నాచు లెక్కపెడతారు, లీటరుకి 100 డైనోఫైసిస్ కణాలు కనపడితేనే చెవులు రిక్కిస్తారు, మాంసం శాంపిల్ వాళ్ల ల్యాబ్‌కి వెళ్తుంది. పద్ధతిగా జరిగే పనే, వంక పెట్టను. కానీ ఒక శాంపిల్‌కీ ఇంకో శాంపిల్‌కీ మధ్య ఉన్న రోజుల పూచీ ఎవరిది? అమ్మేవాడిదే. 2013 జులైలో షెట్లాండ్ దీవుల మస్సెల్స్ తిని ఇంగ్లండ్ ఆగ్నేయ ప్రాంతంలో సుమారు 70 మంది జబ్బుపడ్డారు. తర్వాత ఆరా తీస్తే, గాలి తీరు మారి డైనోఫైసిస్‌ని తీరానికి తోసుకొచ్చిందని, అసలేమీ లేని చోట వారం తిరక్కుండానే విషం గీత దాటేసిందని తేలింది. ఇక్కడ మస్సెల్స్ వ్యాపారంలో ఉన్నవాళ్లకి ఈ కథ బాగా తెలుసు, మా ఓనర్ ఈ రీడర్ కొన్నది కూడా ఆ భయంతోనే.

తయారీదారు పేరు రాయట్లేదు. కింద ఫిర్యాదులు ఉన్నాయన్నది ఒక కారణమైతే, ఈ తరహా రీడర్లు ఒకే చోట తయారై రకరకాల స్టిక్కర్లతో అమ్ముడవుతుంటాయి, పేరు చెప్పినా మీకు పెద్దగా ఒరిగేది లేదన్నది రెండోది. యూరోపియం అనే లోహంతో వెలిగే ఫ్లోరసెంట్ స్ట్రిప్, చేతిలో పట్టేంత రీడర్, బఫర్ సీసా, ఒక్కో లాట్‌కి (ఒకేసారి తయారైన స్ట్రిప్పుల బ్యాచ్‌కి) ఒక క్యూఆర్ కార్డు, ఇంతే బాక్సులో వచ్చేది. మిథనాల్, మిక్సీ, సెంట్రిఫ్యూజ్, వాటర్ బాత్, మంచి పైపెట్లు మీవే. బ్రోషర్ మీద పడవ అంచున కూర్చుని నవ్వుతూ టెస్ట్ చేస్తున్న మనిషి ఫొటో ఉంటుంది. ఊగే పడవలో రెండు గ్రాముల గుజ్జు ఎలా తూచాడో ఆయన్నే అడగాలి.

ఇక వెలుగు సంగతి, ఎందుకంటే దీని గొప్పంతా అక్కడే ఉంది. మస్సెల్ తినేది నాచు కాబట్టి దాని జీర్ణగ్రంథి నిండా పచ్చ, గోధుమ రంగు సరుకే ఉంటుంది. గుజ్జుని మిథనాల్‌తో కలిపి తిప్పితే పైన తేరిన ద్రవం ఆలివ్ నూనె రంగులో వస్తుంది. దాని మీద మామూలు యూవీ టార్చ్ వేసి చూడండి, విషం ఉన్నా లేకపోయినా ముదురు ఎరుపులో మెరుస్తుంది. అది క్లోరోఫిల్. అంటే మనం వెలుగు కొలిచి విషం కనిపెడదాం అనుకుంటుంటే, శాంపిల్ తనంతట తానే వెలుగుతోంది. మామూలు ఫ్లోరసెంట్ రంగులు వాడే కిట్లు ఇక్కడే తడబడతాయి. యూరోపియంతో ఉన్న సుఖం ఏంటంటే, క్లోరోఫిల్ వెలుగు నానోసెకన్లలో ఆరిపోతుంది, యూరోపియంది వందల మైక్రోసెకన్లు నిలబడుతుంది. రీడర్ యూవీ కొట్టి, ఒక్క క్షణం ఆగి, చెత్త వెలుగంతా ఆరిపోయాక, మిగిలిన ఎరుపుని 615 నానోమీటర్ల దగ్గర చదువుతుంది. వేసవి మొదట్లో మంచి పచ్చగా ఉన్న గుజ్జుతో చేసినా బ్యాక్‌గ్రౌండ్ పెద్దగా లేవలేదు. ఈ విషయంలో పెట్టిన డబ్బుకి న్యాయం చేసింది.

కొనే ముందు చాలామంది అడిగే ప్రశ్న, ఇది ఎంత తక్కువ విషాన్ని పట్టగలదు అని. బ్రోషర్లో ఆ అంకె పెద్ద అక్షరాలతో ఉంటుంది, రీసెర్చ్ పేపర్లలో అయితే పికోగ్రాముల్లోకి దిగిపోతారు. మనకి కావలసింది కిలోకి 160 మైక్రోగ్రాముల దగ్గర సరిగ్గా చెప్పడం, అంత సన్నంగా చూసి ఏం చేస్తాం అనిపిస్తుంది. ఉపయోగం వేరే చోట ఉంది. లెక్క చూడండి: 2 గ్రాముల గుజ్జు, 20 మిల్లీలీటర్ల మిథనాల్. సరిగ్గా గీత మీద ఉన్న శాంపిల్ అయితే ఆ మిథనాల్‌లో మిల్లీలీటరుకి 16 నానోగ్రాముల విషం ఉంటుంది. దాన్ని అలాగే స్ట్రిప్ మీద పోస్తే మిథనాల్ దెబ్బకి స్ట్రిప్‌లో విషాన్ని పట్టుకునే యాంటీబాడీ అనే ప్రొటీన్ పాడవుతుంది, ఉప్పూ కొవ్వూ కలిసి ద్రవం నడవదు. అదే బఫర్‌తో 20 రెట్లు పల్చన చేస్తే మిథనాల్ 5 శాతానికి దిగుతుంది, కొవ్వు దిగుతుంది, రంగు దిగుతుంది, విషం కూడా 0.8 నానోగ్రాములకి దిగుతుంది, అయినా రీడర్ దాన్ని చూడగలుగుతుంది. సన్నంగా చూసే శక్తితో మనం కొనుక్కునేది పల్చన చేసుకునే వీలు. బంగారు కణాల మామూలు స్ట్రిప్ దీనికి ముందు వాడాను, అంత పల్చన చేస్తే అది చేతులెత్తేసేది, చిక్కగా పోస్తే గీత మరకలు మరకలుగా వచ్చేది.

కొత్తగా చేరినవాళ్లు అందరూ తికమకపడేది స్ట్రిప్ మీద గీత దగ్గర. కోవిడ్ టెస్ట్ అలవాటుతో గీత వస్తే పాజిటివ్ అనుకుంటారు. ఇది పోటీ పద్ధతి, శాంపిల్లోని విషం యాంటీబాడీని ముందే పట్టేసుకుంటే అది టెస్ట్ గీత దగ్గర అంటుకోదు, కాబట్టి విషం ఎంత ఎక్కువుంటే టెస్ట్ గీత అంత వెలవెలబోతుంది. మా దగ్గర పార్ట్‌టైమ్ చేసే గుంటూరు అమ్మాయి మొదటివారం స్క్రీన్ చూసి, "అన్నా, టెస్ట్ గీత అసలు లేదు, సేఫే కదా?" అంది. "లేదమ్మా, అదే డేంజర్, ఆ తాళ్ల లైన్‌లో పట్టుబడి ఆపమని చెప్పు" అన్నాను. రీడర్ స్క్రీన్ మీద టెస్ట్ గీతకీ, కంట్రోల్ గీతకీ (స్ట్రిప్ సరిగ్గా నడిస్తే ఎప్పుడూ వచ్చేది) నిష్పత్తి పెద్దగా, కిలోకి ఎన్ని మైక్రోగ్రాములో ఆ మూల చిన్నగా చూపిస్తుంది. ఈ డిజైన్ చేసినవాళ్లు ఏ రోజూ తడి గ్లవ్స్‌తో, ఆరింటికి లేచి పని చేసి ఉండరు.

కిట్ కాగితంలో చివరి పేజీలో, "ఐచ్ఛికం" అని రాసిన ఒక స్టెప్ ఉంది. ఐచ్ఛికం కాదు, అదే అసలు. మస్సెల్ ఒంట్లో విషం కొంత కొవ్వు ఆమ్లాలతో అంటుకుని ఎస్టర్లుగా ఉంటుంది, డీటీఎక్స్-3 అంటారు. యాంటీబాడీ వాటిని సరిగ్గా గుర్తుపట్టదు. తిన్న మనిషి కడుపులో మాత్రం ఆ కొవ్వు విడిపోయి విషం మళ్లీ విషమే అవుతుంది. అందుకే ఎల్‌సీ-ఎంఎస్ ల్యాబుల్లో మిథనాల్ సారానికి 2.5 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ కలిపి, 76 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు ఉంచి, హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో సరిచేస్తారు. ఇక్కడ కూడా అదే చేయాలి. చేస్తే బ్రోషర్లో చెప్పిన "20 నిమిషాల్లో ఫలితం" కాస్తా గుజ్జు కొట్టడం దగ్గర్నుంచి లెక్కేసుకుంటే గంటన్నర పైనే. గంటన్నర కూడా తక్కువే, బయటి ల్యాబ్ రిజల్ట్ కోసం రోజులు ఎదురుచూసేదానితో పోలిస్తే, కానీ అమ్మేటప్పుడు ఆ మాట చెప్పాలి. ఇంకోటి, యాసిడ్ పోశాక పీహెచ్ పేపర్ పెట్టి చూడండి. క్షారం మిగిలిపోతే స్ట్రిప్ మీద రెండు గీతలూ కలిసి చచ్చిపోతాయి. టెస్ట్ గీత లేదని పాజిటివ్ రాసేయకుండా కంట్రోల్ గీత కూడా లేదన్నది చూసుకోవాలి, అప్పుడు ఆ టెస్ట్ చెల్లదు.

ఇప్పుడు అంకెల దగ్గరికొద్దాం. స్క్రీన్ మీద 112 అని వస్తే అది 112 అని నమ్మొద్దు. యాంటీబాడీ చూసేది అణువు ఆకారం, విషం ఎంత ఘాటో దానికి తెలియదు. ఒకడాయిక్ యాసిడ్ 1 అనుకుంటే డీటీఎక్స్-1 కూడా 1, డీటీఎక్స్-2 మాత్రం 0.6 అని యూరప్ ఆహార భద్రత సంస్థ లెక్క. యాంటీబాడీ ఈ మూడింటినీ తనకి నచ్చిన నిష్పత్తిలో పట్టుకుంటుంది, దానికీ ఈ లెక్కకీ సంబంధం ఉండదు. స్కాట్లాండ్ నీళ్లలో డైనోఫైసిస్ అక్యూమినాటా ఎక్కువున్నప్పుడు ఒకడాయిక్ యాసిడ్, డైనోఫైసిస్ అక్యూటా ఎక్కువైతే డీటీఎక్స్-2 వస్తుంటాయి. అంటే ఒకే స్ట్రిప్, ఒకే రీడర్, ఏ నాచు వచ్చిందన్నదాన్ని బట్టి ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ చూపిస్తుంది. అధికారిక ల్యాబ్ రిపోర్టులతో పక్కపక్కన పెట్టి చూశాను. బాగా తక్కువ ఉన్నవి తక్కువే అంది, బాగా ఎక్కువ ఉన్నవి ఎక్కువే అంది, మధ్యలో ఉన్నవాటికి మాత్రం దాని మాట దానిది, ల్యాబ్ మాట ల్యాబ్‌ది. అందుకని మేం 80కి ఆపేస్తాం. 80 దాటితే ఆ లైన్ తాళ్లు నీళ్లలోనే ఉంటాయి, శాంపిల్ ఎల్‌సీ-ఎంఎస్‌కి వెళ్తుంది, రిజల్ట్ వచ్చేదాకా ఓనర్ ముఖం చూడకుండా తిరుగుతాం.

ఘాటునే కొలవాలనుకుంటే వేరే దారి ఉంది. ఒకడాయిక్ యాసిడ్ మన ఒంట్లో చేసేది పీపీ2ఏ అనే ఎంజైమ్‌ని పట్టి ఆపడం. ఆ ఎంజైమ్‌నే ప్లేట్‌లో పెట్టి, అది కోస్తే వెలిగే పదార్థం ఒకటి ఇచ్చి, విషం వల్ల ఎంత వెలుగు తగ్గిందో చూస్తారు. ఆకారంతో పని లేదు, ఎంజైమ్‌ని ఆపిందా లేదా అన్నదే లెక్క, కాబట్టి ఏ రకం ఎంత ఘాటు అన్న తేడా దానికదే చూసుకుంటుంది. ఆలోచన పరంగా నాకు అదే ఇష్టం. కానీ ఎంజైమ్ సుకుమారం, ఫ్రిజ్‌లో పెట్టాలి, ప్లేట్ రీడర్ కావాలి, షెడ్డులో జరిగే పని కాదు. ప్లేట్ రీడర్ ఉన్న ల్యాబ్ అయితే స్ట్రిప్ జోలికి పోకుండా అటే వెళ్లండి.

శాంపిల్ గురించి ఒక్కమాట, దీనికి రీడర్‌ని తిట్టి లాభం లేదు. డైనోఫైసిస్ నీళ్లలో సమానంగా పరుచుకోదు, ఒక్కోసారి ఒక లోతులో పల్చటి పొరగా గుంపు కడుతుంది. తాడు పైభాగంలో ఉన్న మస్సెల్ శుభ్రంగా ఉండి, నాలుగు మీటర్ల కింద ఉన్నది విషంతో ఉండొచ్చు. చేతికందిన పై గుత్తి పీక్కొచ్చి టెస్ట్ చేస్తే మెషిన్ నిజమే చెప్తుంది, ఆ గుత్తి గురించి. పైనా, మధ్యా, కిందా తీసి, కనీసం 100 గ్రాముల మాంసం కలిపి గుజ్జు కొట్టి, అందులోంచి 2 గ్రాములు తీయాలి. భీమవరంలో చెరువు నాలుగు మూలలా వల వేసి శాంపిల్ తీసినవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇక తిట్లు. షెడ్డు చలికి స్ట్రిప్ నెమ్మదిగా నడుస్తుంది, 8 డిగ్రీల్లో చేసినదానికీ 22 డిగ్రీల్లో చేసినదానికీ అంకె మారిపోతుంది, రీడర్లో వేడి చేసే ఏర్పాటు లేదు. ఈ ధరకి ఉండాలి. లాట్ మారిన ప్రతిసారీ క్యూఆర్ కార్డు స్కాన్ చేయాలి, చేయకపోతే పాత లాట్ లెక్కతోనే నిశ్శబ్దంగా అంకె ఇచ్చేస్తుంది, వార్నింగ్ కూడా ఉండదు. ఇది నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టే విషయం. మేం లాట్ మారినప్పుడల్లా కెనడా జాతీయ పరిశోధన మండలి అమ్మే విషం తెలిసిన మస్సెల్ గుజ్జుతో ఒకసారి సరిచూసుకుంటాం, అది కూడా ఖరీదే. ఇక డిస్ట్రిబ్యూటర్ పంపిన స్ట్రిప్పుల గడువు సీజన్ సగానికే అయిపోయేలా ఉంటే, ఫోన్ చేస్తే "స్టాక్ అదే ఉంది సార్" అనే టైపు జవాబు. సీజన్ వేసవి, శరదృతువుల్లో అని తెలిసి కూడా శీతాకాలంలో అంటగడతారు. గడువు తేదీ ఆర్డర్లోనే రాయించుకోండి.

"మల్టీ టాక్సిన్" అని అమ్మే స్ట్రిప్పుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఒకడాయిక్ యాసిడ్ మిథనాల్‌లోకి వస్తుంది, పక్షవాతం తెచ్చే సాక్సిటాక్సిన్‌ని నీళ్లూ యాసిడ్‌తో తీస్తారు, రెండింటికీ ఒకే సారం అంటే ఏదో ఒకదానికి అన్యాయమే. పైగా సాక్సిటాక్సిన్‌కి చుట్టాలు చాలామంది, దాన్ని బాగా పట్టే యాంటీబాడీ నియోసాక్సిటాక్సిన్ లాంటివాటిని అంతంతమాత్రంగా పడుతుంది, అంటే ఉన్నదాని కంటే తక్కువ చూపించే ప్రమాదం. ఇంకా అజాస్పిరాసిడ్ అనే వేరే విషం ఒకటుంది, ఒకడాయిక్ స్ట్రిప్ నెగటివ్ వచ్చినంత మాత్రాన అది లేనట్టు కాదు. ఒకడాయిక్‌తో కడుపు పాడవుతుంది, సాక్సిటాక్సిన్ తేడా వస్తే ఊపిరి ఆగుతుంది. 1997లో కేరళ విళింజంలో మస్సెల్స్ తిని ఏడుగురు పోయారు, 500 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. కాకినాడ వైపు నుంచి ఒక ఫ్రెండ్ "మన గుల్లలకి ఇది పనికొస్తుందా అన్నా" అని అడిగాడు. స్ట్రిప్ పనిచేయొచ్చు, కానీ దీన్ని నమ్మాలంటే వెనకాల ఎల్‌సీ-ఎంఎస్ ల్యాబ్ ఉండాలి, ఏ నాచు ఎప్పుడొస్తుందో చూసేవాళ్లు ఉండాలి, స్ట్రిప్ మన గుల్లల గుజ్జు మీద ముందు సరిచూసి ఉండాలి. అవి లేకుండా రీడర్ ఒక్కటే కొని పెట్టుకుంటే ఏ అంకెకి భయపడాలో కూడా తెలియదు.

ఎంఎస్సీ, పీహెచ్‌డీ పిల్లలు యాప్టామర్, గ్రాఫీన్ ఆక్సైడ్, క్వాంటమ్ డాట్ లాంటి కొత్త పదార్థాలతో చేసే సెన్సర్ల గురించి మెసేజ్‌లు పెడుతుంటారు, అవి ఇంకా బాగుంటాయి కదా అని. పేపర్లో బాగుంటాయి. చాలావాటిల్లో శుభ్రమైన గుజ్జులో విషం చుక్క కలిపి, "98 శాతం తిరిగొచ్చింది" అని రాస్తారు. సముద్రంలో తనంతట తాను విషమెక్కిన మస్సెల్‌లో ఎస్టర్లుంటాయి, మూడు రకాలూ కలిసుంటాయి, అది వేరే పరీక్ష. ఆ టేబుల్ ఉందో లేదో చూసి పేపర్ చదవండి.

మార్కులేయమంటే వెలుగు చదివే పనికి ఐదుకి నాలుగున్నర, స్క్రీన్‌కీ సాఫ్ట్‌వేర్‌కీ రెండు, డిస్ట్రిబ్యూటర్‌కి ఒకటి. ఆర్డర్ పెట్టేముందు డీటీఎక్స్-1, డీటీఎక్స్-2లకి క్రాస్ రియాక్టివిటీ (యాంటీబాడీ వాటిని ఎంతవరకు పట్టుకుంటుందన్నది) ఎంత శాతమో, హైడ్రాలసిస్ (పైన చెప్పిన క్షారం, వేడి స్టెప్) చేసిన సారం మీద సరిచూశారో లేదో రాతపూర్వకంగా అడగండి. మాకు వచ్చిన పీడీఎఫ్‌లో డీటీఎక్స్-2 గడి ఖాళీగా ఉంది, మెయిల్ మీద మెయిల్ పెడితే గానీ నింపి పంపలేదు.